అవుట్‌బాక్స్‌లో పదకొండు రోజులు

పోస్టు పొడుగ్గా ఉంది, తీరిక ఉన్నప్పుడే చదవండి. మా తప్పు గురించి మేమే రాసుకుంటున్నాం. అందుకే ఎవరి పేరూ పెట్టడం లేదు, ఊరి పేరు కూడా పెట్టడం లేదు. పాడేరు వైపు వాళ్లకు రూము ఎక్కడో అర్థమైపోతుంది, అది వేరే సంగతి.

మా రూము సంగతి తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. సంత వెనకాల రేకుల గది. ఒక పాత కంప్యూటర్, ఒక స్కానర్, రెండు బెంచీలు. సీనియర్లు చందాలు వేసుకుని 2017లో పెట్టారు. లోపలి ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు అప్లికేషన్లు పెట్టడం, సర్టిఫికెట్లు స్కాన్ చేసి మెయిల్ పంపడం, ఆఫీసులకు అర్జీలు రాయడం ఇక్కడే. నెట్ సెంటర్‌లో ప్రతిదానికీ డబ్బులు అడుగుతారు, మేము అడగం. అందరి కోసం ఒకటే మెయిల్ ఐడీ. దాని మెయిళ్లన్నీ కంప్యూటర్‌లో వేసుకున్న మెయిల్ ప్రోగ్రామ్‌లోకి వస్తాయి, అక్కడి నుంచే వెళ్తాయి.

ఈ వానాకాలం ఒక చెల్లి వాళ్ల నాన్నతో వచ్చింది. ఇంటర్ అయిపోయింది, నర్సింగ్‌లో సీటు వచ్చింది. కాలేజీ వాళ్లు కులం సర్టిఫికెట్, మార్కుల మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు, టీసీ అన్నీ స్కాన్ చేసి మెయిల్ పెట్టమన్నారు. వాళ్ల ఊరి నుంచి రోడ్డు దాకా నడక, అక్కడి నుంచి జీపు. కాగితాలు తడవకుండా రెండు యూరియా సంచుల మధ్య పెట్టి తెచ్చారు. మేము స్కాన్ చేశాం, మెయిల్ రాశాం, సెండ్ నొక్కాం. రాసిన కిటికీ మూసుకుపోయింది.

"ఎల్లిందా బాబూ?" అన్నారు ఆయన.

"వెళ్లిపోయింది మావా, ఇంక దిగులు లేదు" అన్నాం.

పదకొండో రోజు పొద్దున్న ఆ చెల్లి ఫోన్ చేసింది. వాళ్ల ఊళ్లో సిగ్నల్ లేదు, గట్టెక్కి మాట్లాడాలి. గాలి శబ్దంలో సగం మాటలు వినపడలేదు. వినపడినవి ఇవి: కాగితాలు రాలేదంటున్నారు అన్నా, రేపు సాయంత్రం అయిదింటికి ఆఖరు.

మేము రూముకి పరిగెత్తి ప్రోగ్రామ్ తెరిచాం. సెంట్ ఫోల్డర్‌లో ఆ మెయిల్ లేదు. పైన అవుట్‌బాక్స్ అనే దాన్ని మేము ఎప్పుడూ తెరిచి చూడలేదు. తెరిస్తే ఏడు మెయిళ్లు. చెల్లిది రెండోది.

మొదటిది ఏంటో చెప్పాలంటేనే తల వంగుతోంది. అది మా అర్జీ. హాస్టల్లో నీళ్ల మోటారు పాడై పిల్లలు గెడ్డకి వెళ్లి స్నానాలు చేస్తున్నారని ఆఫీసుకి రాశాం. సాక్ష్యం గట్టిగా ఉండాలని మోటారు గురగురమనే వీడియో కూడా తగిలించాం. 38 ఎంబీ. జీమెయిల్‌లో మెయిల్ మొత్తానికి హద్దు 25 ఎంబీ. పైగా మెయిల్‌లో పెట్టిన ఫైలు అక్షరాలుగా మారి ప్రయాణం చేస్తుంది, అలా మారినప్పుడు సుమారు మూడో వంతు బరువు పెరుగుతుంది. కాబట్టి ఇలాంటి ప్రోగ్రామ్ నుంచి పంపేటప్పుడు 18 ఎంబీ దాటితేనే అనుమానించాలి. మాకు అది తెలియదు. సర్వర్ తీసుకోనంది. ప్రోగ్రామ్ ఒక చిన్న డబ్బాలో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. మాలో ఎవరో ఓకే నొక్కేశారు. ఎవరు నొక్కారో ఇప్పటికీ తేలలేదు.

మా ప్రోగ్రామ్ వరసలో పంపుతుంది. మొదటిది ఆగితే అక్కడే ఆగిపోతుంది, వెనకవాటిని ముట్టుకోదు. ఘాట్ రోడ్డులో లారీ అడ్డంగా ఆగిపోతే వెనక బస్సులన్నీ ఆగిపోతాయి కదా, అలాగ. చెల్లి ఫైలు 11 ఎంబీ, దానికే దోషమూ లేదు. మా వీడియో వెనక నిలబడిపోయింది, అంతే. సెండ్ నొక్కగానే కిటికీ మూసుకుంటుంది, దాన్నే మేము వెళ్లిపోవడం అనుకున్నాం. అది గుమ్మం దాటడం మాత్రమే, ఊరు చేరడం కాదు.

సరే, వీడియో తీసేస్తే అయిపోతుంది కదా అనుకున్నాం. అర్జీ మెయిల్‌ని పక్కన పెట్టి మళ్లీ పంపమన్నాం. ఈసారి వేరే డబ్బా వచ్చింది. సర్టిఫికెట్ చెల్లదు అని.

నవ్వకండి. మన వాళ్లకి సర్టిఫికెట్ అంటే ఒకటే. ఇంట్లో కువి, బడిలో తెలుగు, కంప్యూటర్‌లో ఇంగ్లీషు. మూడో భాషలో కనపడిన ఆ మాట మాకు కులం సర్టిఫికెట్ లాగే వినపడింది. డిగ్రీ చదివే మా తమ్ముడు నిజంగానే చెల్లి కులం సర్టిఫికెట్ స్కాన్ తెరిచి సంతకం ఉందా, ముద్ర ఉందా, నంబర్ కనపడుతోందా అని చూశాడు. ఉన్నాయి. మరి కంప్యూటర్ ఎందుకు చెల్లదంటోంది? పది నిమిషాలు దాని మీదే మాట్లాడుకున్నాం. పుట్టినప్పటి నుంచి ఎవరో ఒకరు మన సర్టిఫికెట్ చెల్లదు అంటూనే ఉంటే చివరికి యంత్రం అన్నా నమ్మేస్తాం.

అది సర్వర్ సర్టిఫికెట్. మన కంప్యూటర్ మెయిల్ సర్వర్‌తో మాట్లాడే ముందు నువ్వు నిజంగా నువ్వేనా అని అడుగుతుంది. సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. కంప్యూటర్ తన గడియారం చూసుకుని ఇవాళ్టి తేదీ ఆ రెండిటి మధ్యలో ఉంటేనే ఒప్పుకుంటుంది. ఇదంతా మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తట్టింది ఒక్కటే, పాస్‌వర్డ్ తప్పయి ఉంటుందని.

ఇక్కడే బావ రంగంలోకి దిగాడు. ఎవరో హ్యాక్ చేశారు, వెంటనే పాస్‌వర్డ్ మార్చాలి అన్నాడు. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరుచుకోవట్లేదు కాబట్టి తన ఫోన్‌లో లాగిన్ అయ్యాడు. ఓటీపీ సీనియర్ అన్న ఫోన్‌కి వెళ్తుంది, ఆయన విశాఖలో రాత్రి డ్యూటీ చేసి పడుకున్నారు. నాలుగుసార్లు చేస్తే లేచి, "ఏంట్రా మళ్లీ" అని ఆరు అంకెలు చెప్పారు. బావ పాస్‌వర్డ్ మార్చేశాడు. కొత్తది కంప్యూటర్‌లో కొట్టాం. మళ్లీ అదే సర్టిఫికెట్ డబ్బా.

తర్వాత పాలిటెక్నిక్ తమ్ముడు. అకౌంట్ తీసేసి మళ్లీ పెడితే అన్నీ సర్దుకుంటాయి అన్నాడు. వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో అలాగే చేస్తారట. మౌస్ తీసెయ్ అనే బొత్తాం మీదికి వెళ్లింది కూడా. పక్కన కూర్చున్న అక్క వాడి చెయ్యి పట్టుకుంది.

ఎందుకంటే మాది పాప్ పద్ధతి. సీనియర్ అన్న మొదట్లో అలా పెట్టారు. అప్పట్లో నెట్ రోజుకి గంట కూడా ఉండేది కాదు. పాప్‌లో మెయిల్ సర్వర్ నుంచి దిగి కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. సర్వర్‌లో కాపీ ఉంచమని టిక్ పెట్టకపోతే అక్కడ మిగలదు. మాకు ఆ టిక్ లేదు. ఐమ్యాప్ అయితే అసలు మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, కంప్యూటర్‌లో కనపడేది దాని నీడ. మా దగ్గర 2017 నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఆ ఒక్క డబ్బాలోనే ఉన్నాయి. పోడు భూముల క్లెయిమ్‌ల మీద వచ్చిన జవాబులు, స్కాలర్‌షిప్ ఆగినప్పుడు జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు, పోయినేడు చనిపోయిన మా మాస్టారు రాసిన మెయిళ్లు. ఒక్క నొక్కుతో పోయేవి.

అందుకని పని ఆపి ముందు కాపీ తీశాం. ఇలాంటి ప్రోగ్రాములన్నిటికీ మెయిళ్లు దాచుకునే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. ప్రోగ్రామ్ మూసేసి ఆ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి. రెండున్నర జీబీ. అది ఎక్కుతున్నంత సేపూ ఎవరం మాట్లాడుకోలేదు. ఎనిమిదేళ్లలో ఒక్కసారీ ఈ పని చేయలేదని అందరికీ ఒకేసారి తట్టింది.

సాయంత్రం నాలుగైంది. టీ తెచ్చుకున్నాం. అక్క తమ్ముడు, తొమ్మిదో తరగతి, రూములో పని లేకుండా కూర్చున్నాడు. పాటలు వినడానికి బ్రౌజర్ తెరిచాడు. తెరిచి, "అన్నా, దీని గడియారం వెనకబడిందంట" అన్నాడు.

"ఏటిరా?"

"ఇంగ్లీషులో ఉంది. యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్."

కింద కుడి మూల చూశాం. 2009 జనవరి 1. పొద్దున్న నుంచీ అది అక్కడే ఉంది, అయిదుగురం దాని ముందే కూర్చున్నాం. ఆ తేదీకి మన అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టడానికి ఇంకా పదమూడేళ్లు ఉంది. మెయిల్ సర్వర్ చూపించే సర్టిఫికెట్ ఈ ఏడాదిది. 2009లో కూర్చున్న కంప్యూటర్‌కి అది ఇంకా పుట్టని సర్టిఫికెట్. చెల్లదనక ఏమంటుంది.

కారణం ఒక సెల్లు. సీపీయూ లోపల మదర్‌బోర్డు మీద గుండ్రంగా రూపాయి బిళ్లంత ఉంటుంది, సీఆర్ 2032 అంటారు, 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. మా దగ్గర వానొస్తే కరెంటు పోతుంది, రూము మూసేటప్పుడు పిడుగుల భయానికి ప్లగ్ పీకేస్తాం. అన్నేళ్లు దాని మీదే బతికిన సెల్లు చచ్చిపోయింది. అయిదారు రోజుల ముందు రెండు రోజులు కరెంటు లేదు, బహుశా అప్పుడే. ఆ రోజు నుంచే మాకు కొత్త మెయిళ్లు రావడం కూడా ఆగిపోయింది. వానల్లో ఎవరు రాస్తారులే అనుకున్నాం. మామూలుగా నెట్ నుంచి కంప్యూటర్ టైము సరిచేసుకుంటుంది కానీ తేడా గంటలు దాటి ఏళ్లకి పోతే దానంతట అది దిద్దుకోదు, మనమే పెట్టాలి.

తేదీ సరిచేశాం. సర్టిఫికెట్ డబ్బా మళ్లీ రాలేదు. అందరం చప్పట్లు కొట్టాం. అరనిమిషానికి కొత్త డబ్బా. పాస్‌వర్డ్ తప్పు అని.

ఇది మేము తెచ్చిపెట్టుకున్నది. గూగుల్ 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ఇలాంటి ప్రోగ్రాములని లోపలికి రానివ్వడం ఆపేసింది. కొత్త ప్రోగ్రాములు గూగుల్ సొంత లాగిన్ పేజీ తెరిచి అనుమతి అడుగుతాయి. మాలాంటి పాతవాటికి యాప్ పాస్‌వర్డ్ అని వేరే ఉంటుంది, పదహారు అక్షరాలు. రెండంచెల లాగిన్ పెట్టుకుంటేనే అది ఇస్తారు. సీనియర్ అన్న అప్పుడు అది చేసి పెట్టారు. అసలు పాస్‌వర్డ్ మారిస్తే పాత యాప్ పాస్‌వర్డ్‌లు రద్దయిపోతాయి. బావ పొద్దున్న మార్చింది అందుకే కొంప ముంచింది. ఒక జబ్బుకి మందు అనుకుని వేసింది ఇంకో జబ్బయింది. ఒకదాని తర్వాత ఒకటి చూసి ఉంటే మధ్యాహ్నానికి అయిపోయేది. మేము అయిదుగురం అయిదు చోట్ల చేతులు పెట్టాం.

యాప్ పాస్‌వర్డ్ కొత్తది తీయాలంటే మళ్లీ ఓటీపీ. అన్న అప్పటికి డ్యూటీకి వెళ్లిపోయారు, లోపల ఫోన్ ఉండదు. పొద్దున్న ఆరింటిదాకా ఆగాలి. రాత్రి పదైంది. చోడి అంబలి తాగి రూములోనే పడుకున్నాం.

పొద్దున్నే చెల్లి మళ్లీ గట్టెక్కి ఫోన్ చేసింది. జరిగినదంతా చెప్పాం. సెల్లు, తేదీ, పదహారక్షరాలు. అన్న లేవగానే అయిపోతుంది, నువ్వు భయపడకు అన్నాం. ఆ పిల్ల ఊరికే వింది. విని, "అన్నా, మీ ఫోన్‌లోంచి పంపితే ఎల్లదా?" అంది.

అయిదుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బావ ఫోన్‌లో జీమెయిల్ నిన్న పొద్దున్న నుంచీ తెరిచే ఉంది. పాస్‌వర్డ్ మార్చింది అందులోనే. చెల్లి కాగితాలు కంప్యూటర్‌లో ఉన్నాయి, కేబుల్ పెడితే రెండు నిమిషాల్లో ఫోన్‌లోకి వస్తాయి. నిన్న పదింటికే చేయాల్సిన పని. మా దృష్టంతా యంత్రం మీదికి పోయింది. ఎవరి కోసం బాగుచేస్తున్నామో ఆ పిల్లే మాకు గుర్తు చేసింది.

ఫోన్లలో మెయిల్ పెట్టుకోకూడదని మేమే రూల్ పెట్టుకున్నాం, అది కూడా చెప్పాలి. రెండేళ్ల క్రితం ఒకరి ఫోన్‌లో ఈ ఐడీ వేస్తే వాళ్ల జాతర ఫొటోలు, వీడియోలు అన్నీ దానికే బ్యాకప్ అయిపోయాయి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కి, డ్రైవ్‌కి, ఫొటోలకి కలిపే. అది నిండితే వచ్చే మెయిళ్లు వెనక్కి తిరిగిపోతాయి. అలా కొన్ని పోయాయి. అప్పటి నుంచి ఫోన్లకి బంద్. ఒక తప్పు దిద్దుకోవడానికి పెట్టిన కట్టు ఇంకో చోట కళ్లకి గంతలయింది.

ఏడుంబావుకి బావ ఫోన్ నుంచి మెయిల్ వెళ్లింది. ఈసారి సెంట్‌లో చూశాం. అది చాలదని కాలేజీకి ఫోన్ చేసి, వచ్చిందని వాళ్ల నోటితో విన్న తర్వాతే చెల్లికి చెప్పాం.

సీటు దక్కింది. హాస్టల్ దక్కలేదు. కాగితాలు వచ్చిన వరసలో హాస్టల్ ఇచ్చేశారట, పదకొండు రోజుల్లో నిండిపోయింది. ఇప్పుడు ఆ చెల్లి ఇంకో ఇద్దరితో కలిసి అద్దె గదిలో ఉంటోంది. వాళ్ల నాన్న మిరియాలు ముందే అమ్మేసుకున్నారని తెలిసింది. అద్దెలో కొంత మేము వేసుకుంటామన్నాం. ఆయన వద్దన్నారు. "మీరు కావాలని చేశారా ఏటి" అన్నారు. ఆ మాటకి జవాబు మా దగ్గర లేదు.

ప్రోగ్రామ్ అదే రోజు మధ్యాహ్నానికి బాగైంది. అన్న లేచి ఓటీపీ చెప్పారు, పదహారక్షరాలు తీశాం. ఇక్కడ ఒక సంగతి, మెయిల్ తెచ్చే సర్వర్ వేరు, పంపే సర్వర్ వేరు. ఘాట్ ఎక్కే బస్సు, దిగే బస్సు లాగా. కొత్త పాస్‌వర్డ్ రెండు చోట్లా ఇవ్వాలి. మేము ఒక చోటే ఇచ్చి, మెయిళ్లు వస్తున్నాయి కానీ పోవట్లేదేంటని ఇంకో గంట కొట్టుకున్నాం. మీ దగ్గర ఎప్పుడైనా ఇలా ఆగితే ముందు అడగాల్సింది అదే, రావడం ఆగిందా, పోవడం ఆగిందా, రెండూనా. రెండూ ఒకేసారి ఆగితే తేదీ చూడండి, నెట్ చూడండి, పాస్‌వర్డ్ చూడండి, అదే వరసలో. పోవడమొక్కటే ఆగితే అవుట్‌బాక్స్‌లో మొదటి మెయిల్ ఎంత బరువుందో చూడండి. సెల్లు వాచీల కొట్టులో దొరికింది. ప్లగ్ పీకి, సీపీయూ పక్క రేకు విప్పి, పాతది గోటితో తీసి, రాత ఉన్న వైపు పైకి పెట్టి బిగించాం. ఇప్పుడు మెయిళ్ల కాపీ సర్వర్‌లో కూడా ఉంటోంది, ఆ టిక్ పెట్టేశాం. ఓటీపీకి అన్న నంబర్‌తో పాటు అక్క నంబర్ కూడా కలిపాం.

ఒకటి మిగిలింది. మోటారు అర్జీ.

చెల్లి ఫోన్ రావడానికి మూడు రోజుల ముందు మేము ఎనిమిది మందిమి ఆ ఆఫీసుకి వెళ్లాం. మెయిల్ పెట్టి వారం దాటింది, జవాబు లేదేంటని అడిగాం. అక్కడి గుమస్తా కంప్యూటర్ చూసి, "రాలేదు బాబూ" అన్నారు. మేము గట్టిగా మాట్లాడాం. మా వాళ్లంటే మీకు లెక్క లేదన్నాం. మీరెప్పుడూ ఇంతేనన్నాం, వచ్చినవి తీసి పారేస్తారన్నాం. ఆయన మళ్లీ చూసి, స్క్రీన్ మా వైపు తిప్పి, "మీరే చూడండి" అన్నారు. చూడలేదు. బయటికి వచ్చాక బాగా అడిగాం అని ఒకరినొకరం మెచ్చుకున్నాం కూడా. అర్జీ అప్పుడు మా రూములో, మా అవుట్‌బాక్స్‌లో, మొదటి వరసలో ఉంది.

వీడియో తీసేసి మూడు ఫొటోలతో ఆ అర్జీని మళ్లీ పంపాం. రెండో రోజు జవాబు వచ్చింది, వారంలో మెకానిక్ వచ్చాడు. అంటే మా మాట మొదటిసారే చేరి ఉంటే పిల్లలు అన్ని రోజులు వానలో గెడ్డకి వెళ్లేవాళ్లు కాదు. నిజంగా జవాబివ్వని ఆఫీసులు మన జీవితంలో చాలా చూశాం, రేపూ చూస్తాం. ఇది మాత్రం అది కాదు.

ఆ గుమస్తా గారిని కలిసి మాట్లాడాలని తీర్మానం చేసుకున్నాం. సోమవారం అనుకున్నాం. ఆ రోజు అందరికంటే గట్టిగా అరిచినవాడు ఆదివారం సాయంత్రమే జ్వరం అన్నాడు. వచ్చే సోమవారానికి మార్చాం. ఈసారి వాడికి జ్వరం ఉన్నా తీసుకెళ్తాం.